అన్నయ్య పిండిన పచ్చరసం

బస్సు డిపోలో ఆమెను వెనకనుంచి అందరూ నిప్పుకోడి అనేవారు. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు, కోపమేమో ముక్కుమీదే కాపురం. ఎదురుపడితే మాత్రం "డ్రైవరమ్మా" అని ఎక్కడలేని మర్యాద. ఆ పేరు సంగతి తనకు తెలుసని ఆమె ఎన్నడూ బయటపడలేదు. బయటపడితే కోప్పడాలి, కోప్పడితే పేరు సార్థకమైపోతుంది.

ఆమె భర్త దర్జీ. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి ముందుగదే అతని దుకాణం. కొలత తీసేటప్పుడు ఎదుటివాడి నడుం పెరిగిందని చెప్పడానిక్కూడా మొహమాటపడి, టేపు కాస్త వదులుగా పట్టుకుని, "ఈసారి కొంచెం గాలాడేట్టు కుడతానండీ" అనేవాడు. కొన్నేళ్ల కిందట అతని గుండెలో చెడిపోయిన వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టారు. కుట్టుమిషను ఆగి గది నిశ్శబ్దమైతే అది టిక్కుటిక్కుమనడం పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేది. ఆ లోహం దగ్గర రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. మాత్ర మోతాదు సరిపోతోందో లేదో చూడటానికి నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ రెండూ తప్పకుండా జరిగినన్నాళ్లు ఇంట్లో ఏ గొడవా లేదు.

గొడవ ఆమె అన్నయ్య రూపంలో వచ్చింది.

అన్నయ్య బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఈల ఊదడం మానేసిన ఏడాదికే పొట్ట ముందు, మనిషి వెనక అన్నట్టు తయారయ్యాడు. ఒంట్లో షుగరు చేరింది. మెట్లెక్కితే ఆయాసం. అప్పుడెవరో చెప్పగా పొద్దున్నే ఆకుకూరల రసం తాగడం మొదలుపెట్టాడు. పాలకూర, కొత్తిమీర, దోసకాయ, కాస్త అల్లం, ఒక నిమ్మచెక్క. రసంతోపాటు నడక మొదలుపెట్టాడు, స్వీట్లు మానేశాడు, పెందలాడే పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, మనిషి మారిపోయాడు. పొట్ట పోయింది, మొహంలో కళ వచ్చింది. కానీ నడకనూ మానేసిన స్వీట్లనూ పక్కకు నెట్టి, ఘనతంతా రసానికే కట్టబెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఆ కుందేలు ఇప్పుడు పచ్చగా కూడా ఉంది. ఆదివారం ఆదివారం సైకిళ్ల షాపు పైనున్న హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఇంట్లో రసం ఎలా చేసుకోవాలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నేర్పించసాగాడు.

హాలు చాలక బావగారింటి మీద పడ్డాడు.

డ్రైవరమ్మది పొద్దుటి షిఫ్టు. తెల్లవారకముందే ఇల్లు దాటేది. ఆమె అటు వెళ్లగానే ఇటు అన్నయ్య, చంకలో ఆకుకూరల కట్టలతో, "బావా, లేచావా?" అంటూ దిగేవాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, కాదనలేని దర్జీ దొరికాడు. మిక్సీ తిప్పడం, గుడ్డలో వేసి పిండటం, పెద్ద గ్లాసు నిండా పోసి చేతికివ్వడం, అడుగు కనబడేదాకా ఎదురుగా నిలబడి చూడటం, అంతా ఆయనే చేసేవాడు. కడగడం ఒక్కటే ఆయన పని కాదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సింకులో పిప్పి. మిక్సీ బ్లేడుకు పీచు. ఎవరిదో తెల్ల చొక్కాగుడ్డ మీద పచ్చటి చుక్క. డ్రైవరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఇది ఇల్లా, పశువుల కొట్టమా? ఆయనకు చెప్పండి, పిండినవాడే కడగాలని!"

"పెద్దాయన. ప్రేమతో చేస్తున్నాడు," అనేవాడు దర్జీ, చుక్కను సబ్బుతో రుద్దుతూ.

అరిచేది గానీ లోపల్లోపల ఆమెకు కొంత సంతోషంగానే ఉండేది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆకుకూర అంటే కంచం అంచుకు తోసేసే మనిషి. ఎవరి పోరువల్లయితేనేం, ఒక గ్లాసు లోపలికి పోతోంది కదా అనుకుంది. ఆ ఒక్క గ్లాసు వారం తిరక్కుండానే రెండయిందని ఆమెకు తెలియదు. రక్తపరీక్ష రోజు వచ్చినప్పుడు, "ఎందుకు బావా ఆ సూదిపోట్లు? నీ రక్తం ఇప్పుడు కడిగిన అద్దంలా ఉంటుంది" అని అన్నయ్య ఆపేశాడనీ, ఆ మరుసటి నెల కూడా అలాగే ఆపాడనీ తెలియదు.

ఒకరోజు ఆమె బస్సును చివరి స్టాపులో తిప్పుతుండగా, కంట్రోలరు చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"దిగండి డ్రైవరమ్మా. బండి నేను చూసుకుంటాను. మీ ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారట."

కోటు కొలతలకని వచ్చిన ఒకాయన కళ్లెదుటే జరిగిందది. దర్జీ చేతిలో సుద్ద జారిపడింది. వంగి తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. "ఏమీ లేదండీ" అనబోయాడట, ఆ మాట నోట్లోనే ముద్దయిపోయింది. మూతి ఒక పక్కకు జారింది. పక్కనున్న మంగలి షాపతను అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఆస్పత్రి వరండాలో ఆమెకు అన్నీ ముక్కలు ముక్కలుగా తెలిశాయి. లోహపు వాల్వు దగ్గర చిన్న గడ్డ కట్టింది. అందులోంచి ఒక తునక మెదడుకు చేరింది. త్వరగా తీసుకొచ్చారు కాబట్టి ప్రాణభయం లేదు. కుడిచెయ్యి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేం.

చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె కాగితాలు పట్టుకుని వచ్చింది. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారామ్మా?"

"ఒక్క పూట తప్పలేదు. నా చేత్తోనే ఇస్తాను."

"మరి రక్తంలో మందు పనిచేస్తున్నట్టే లేదు. ఈమధ్య తిండిలో ఏమైనా మార్పు వచ్చిందా?"

"ఏమీ లేదండీ" అందామె.

"ఎందుకు లేదు!" అన్న గొంతు వెనకనుంచి వినబడింది. అప్పుడే మెట్లెక్కి వచ్చాడు అన్నయ్య, ఆయాసం లేకుండా. "మార్చాం డాక్టరుగారూ. నేనే మార్చాను. పొద్దున ఒక పెద్ద గ్లాసు, పదింటికి ఇంకో పెద్ద గ్లాసు. ఫ్రెష్‌గా ఇంట్లో పిండిన ఆకుకూరల రసం. దాని బలంవల్లే మా బావ ఈమాత్రం తట్టుకున్నాడు."

డాక్టరమ్మ కాగితాలు మూసేసింది.

"ఆకుకూరల్లో కె విటమిన్ ఎక్కువండీ. రక్తం గడ్డకట్టడానికి సాయపడేది అదే. మేమిచ్చే మాత్ర దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. మాత్ర ఇటు లాగుతుంటే మీరు రోజూ రెండు గ్లాసులతో అటు లాగారు. ఎప్పటిలా పరీక్ష చేయించుంటే ముందే తెలిసేది, మోతాదు మార్చేవాళ్లం. పరీక్ష ఎందుకు మానేశారు?"

డ్రైవరమ్మ అన్నయ్య వైపు తిరిగింది. ఆయన గోడ మీదున్న గడియారం వైపు తిరిగాడు.

"నువ్వు మాన్పించావా?"

"అంత ఆరోగ్యంగా ఉన్న మనిషికి..."

"నువ్వు మాన్పించావా అని అడుగుతున్నా!"

నర్సు ఒకామె "మెల్లిగా మాట్లాడండి" అంది. అన్నయ్య గొంతు తగ్గించి, "ఆకుకూర తిని ఎవరైనా చెడిపోతారుటే? లోకంలో ఎక్కడైనా ఉందా?" అన్నాడు.

"లోకం సంగతి నాకెందుకు? నా ఇల్లు చెడింది. బయటికి నడు."

ఆయన కదల్లేదు. ఆమె ఆయన జబ్బ పట్టుకుని, బస్సులో టికెట్ లేనివాణ్ని దించినట్టు, మెట్లదాకా నడిపించుకెళ్లి వదిలేసింది.

దర్జీ ఇంటికొచ్చేసరికి మూతి చాలావరకు సర్దుకుంది. మాట కొంచెం నెమ్మదిగా వచ్చేది, ఎప్పుడూ నెమ్మదే కాబట్టి పెద్ద తేడా తెలియలేదు. చెయ్యి మాత్రం తేడా చూపించింది. కత్తెర పట్టుకుంటే బొటనవేలు చెప్పిన మాట వినేది కాదు. ముప్పై ఏళ్లుగా గీత మీద గీతగా గుడ్డ కోసిన చెయ్యి, పాత పేపరు మీద ప్రాక్టీసు చేస్తూ ఎలుక కొరికినట్టు కోసేది. ఆ పేపరు ముక్కలు ఊడుస్తున్నప్పుడల్లా ఆమెకు పొయ్యి మీద పాలలా కోపం పొంగుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆగలేక అడిగేసింది. "రెండు గ్లాసులని నాకెందుకు చెప్పలేదు? పరీక్ష మానేశానని ఎందుకు చెప్పలేదు?"

అతను కత్తెర బల్లమీద పెట్టాడు. "నువ్వు అరుస్తావని."

ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది.

"అరిచేదాన్నే. ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. అయితే ఏమయ్యేది? మీ చెవులు నొప్పెట్టేవి. చెయ్యి ఉండేది!"

"మీ అన్నయ్య కదా, ఇద్దరిమధ్యా తగువెందుకని..."

"నా తగువులు నన్ను పడనివ్వండి! మీ మొహమాటానికి నా అరుపే మందు. ఆ మందు కూడా మానేశారు మీరు."

అతను నవ్వబోయాడు. నవ్వితే మూతి ఇంకా కాస్త పక్కకు పోయేది. అది చూసి ఆమె పెరట్లోకి వెళ్లి, ఉతికిన బట్టలనే మళ్లీ బండకేసి బాదింది. తన మీద కూడా కోపంగానే ఉంది. ఆపరేషనప్పుడు ఎవరో ఆకుకూరల గురించి ఏదో చెప్పారు. చెప్పిన వంద సంగతుల్లో అదొకటి, ఆకు ముట్టని మనిషి కదా అని చెవిన పెట్టలేదు. అయితే ఎంత ఆలోచించినా ఆమె లెక్కలో ఆ తప్పు ఒక పిసరు. పరీక్ష మాన్పించడం కొండ.

తర్వాత వారం ఆమె బస్సు నడుపుతుంటే, సీటు వెనకే ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ ఒళ్లో పాలకూర కట్టలు.

"మాస్టారుగారి బావగారికి పక్షవాతం కొట్టిందట. ఆ రసం తాగుతున్నాడు కాబట్టే బతికాడట. లేకపోతే అక్కడికక్కడే పోయేవాడని మాస్టారే చెప్పారు, పోయిన ఆదివారం."

"అయ్యో! అయితే మా ఆయనకు కూడా మొదలుపెట్టాలి. ఆయనదీ గుండె జబ్బే."

ముందు ఎర్రలైటు పడింది. డ్రైవరమ్మ బ్రేకు తొక్కిన తొక్కుడుకు బస్సులో నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆమె వెనక్కి తిరిగింది.

"అమ్మా, గుండెకు మందులేవైనా వాడుతున్నారా మీ ఆయన?"

"వాడుతున్నారు, ఎందుకూ?"

"డాక్టర్ని అడక్కుండా ఒక్క చుక్క పొయ్యకండి. ఆ మాస్టారు బావగారి పెళ్లాన్ని నేనే."

పచ్చలైటు పడింది. వెనక కార్లు హారన్లు మోగించాయి. షిఫ్టు అయ్యేదాకా ఆమె స్టీరింగును పీక పట్టుకున్నట్టు పట్టుకుంది. తన మొగుడు పడిపోయినందుకు కాదు ఇప్పటి మంట. పడిపోయిన మనిషిని ఎత్తి, దులిపి, ప్రచారానికి బొమ్మలా నిలబెట్టుకున్నాడే, అందుకు.

ఆదివారం ఆమె సెలవు పెట్టుకుని హాలుకు వెళ్లింది. మెట్ల దాకా కొత్తిమీర వాసన. లోపల కుర్చీలన్నీ నిండాయి. బల్ల దగ్గర అన్నయ్య తెల్ల బనియను మీద ఏప్రన్ కట్టుకుని, పిండిన గుడ్డను ఎత్తి చూపిస్తున్నాడు. పక్కన వదిన తలెత్తకుండా దోసకాయలు తరుగుతోంది.

చెల్లెల్ని చూడగానే ఆయన మొహం వెలిగించుకున్నాడు. "ఇదిగో, మా చెల్లెలే వచ్చింది! రా అమ్మాయ్, ఒక గ్లాసు తాగి కూర్చో."

"గ్లాసు వద్దు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నీకు చెప్పిన మాట వీళ్లకు చెప్పు. విని వెళ్లిపోతాను."

"ఇంటి విషయాలు ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడటానికి నా ఇంట్లో మనిషికి నోరు వంకరపోయింది! నువ్వు ఇక్కడ మాట్లాడావుగా ఆయన గురించి. రసం వల్లే బతికాడని ఇక్కడే చెప్పావుగా. మిగతాది కూడా ఇక్కడే చెప్పు."

కుర్చీలు కిర్రుమన్నాయి. అన్నయ్య చేతిలో గుడ్డలోంచి పచ్చటి చుక్కలు బల్ల మీద పడుతున్నాయి.

"ఇన్నివేలమంది తాగుతారు, ఎక్కడో ఒకరికి పడకపోవచ్చు," అన్నాడు. "ఆ ఒక్కరికోసం అందర్నీ భయపెట్టమంటావా?"

"ఆ ఒక్కడూ నా మొగుడు! నీకు బావ! నీమీద గౌరవంతో, వద్దనలేక, రోజూ నీ ఎదురుగా నిలబడి తాగిన మనిషి! ఇవాళ చొక్కా గుండీ తనంతట తను పెట్టుకోలేకపోతున్నాడు. దర్జీ, అన్నయ్యా! ఊరందరికీ గుండీలు కుట్టినవాడు!"

ముందు వరుసలో ఒక ముసలావిడ సగం తాగిన గ్లాసును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అమ్మాయ్, ఏం మాత్ర వేసుకునేవాడు మీ ఆయన?" అని అడిగింది.

"రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రండీ. గుండె ఆపరేషనయ్యాక."

"నేనూ అదేదో వేసుకుంటాను, కాలి నరంలో గడ్డ కట్టిందని." ఆవిడ గ్లాసు వైపు చూసింది, తర్వాత మాస్టారు వైపు చూసింది. "నన్ను మీరు అడగనే లేదే!"

ముసలావిడ లేచి వచ్చి గ్లాసును బల్ల మీద పెట్టింది. అప్పుడు వదిన కత్తి కింద పెట్టింది. పెళ్లైన దగ్గర్నుంచీ మాస్టారి మాటకు ఎదురుచెప్పి ఎరగని మనిషి.

"పోయిన ఆదివారమే చెప్తారనుకున్నాను," అంది. "ఈ ఆదివారం చెప్పకపోతే వచ్చే వారం నుంచి ఆకు మీరే తరుక్కోండి."

అన్నయ్య గుడ్డను గిన్నెలో పడేశాడు. చేతులు ఏప్రన్‌కు తుడుచుకున్నాడు. తలవంచుకుని ఏదో గొణిగాడు.

"వెనక వరసకు వినబడలేదు," అంది డ్రైవరమ్మ. "బళ్లో పిల్లలకు ఇలాగే చెప్పేవాడివా?"

ఆయన తలెత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి. అవి సిగ్గువో కోపానివో ఆమెకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఈసారి డ్రిల్లు గొంతుతోనే చెప్పాడు. "మందులు వాడేవాళ్లు... రోజూ ఏ మందైనా వాడేవాళ్లు, డాక్టర్ని అడక్కుండా ఈ రసం మొదలుపెట్టకండి. పరీక్షలు మానకండి. మా బావచేత నేను మాన్పించాను. అందుకే పడిపోయాడు."

ఆమె వెనుదిరిగి మెట్లు దిగింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. సైకిళ్ల షాపు ముందు ఒక ఖాళీ స్టూలుంటే అడక్కుండా కూర్చుంది. కోపం ఇంకా అలాగే ఉంది, ఎవరి మీద దించాలో తెలియని బరువులా.

నెలలు గడిచాయి. దర్జీ చెయ్యి మెల్లిగా దారికొచ్చింది. తిన్నటి కోతలు కొయ్యగలుగుతున్నాడు, చంకల దగ్గర వంపు మాత్రం ఇంకా తిరగదు. కోట్లు మానేసి దిండుగలీబులూ కర్టెన్లూ కుడుతున్నాడు. రక్తపరీక్షకు ఆమే దగ్గరుండి తీసుకెళ్తోంది. ఒకసారి పరీక్షయ్యాక డాక్టరమ్మ, "ఇంకేమైనా అడగాలా?" అంటే, దర్జీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ రసం... కొంచెం తాగొచ్చాండీ?"

డ్రైవరమ్మ తన చెవులను తానే నమ్మలేకపోయింది. "ఏంటీ?"

"నాకు అలవాటైంది. రుచి బాగానే ఉంటుంది," అన్నాడు అతను నేలచూపులు చూస్తూ. పెళ్లైన ఇన్నేళ్లలో అతను తనంతట తాను ఒకటి కావాలని అడగడం అదే మొదలు. అడిగినవాడు అడిగిందేమిటంటే అది!

డాక్టరమ్మ నవ్వింది. "ఆకుకూర విషం కాదమ్మా. ఒకరోజు గంపెడు, ఒకరోజు సున్నా అయితేనే చిక్కు. రోజూ ఒకేలా, ఒక చిన్న కప్పు తాగనివ్వండి. వచ్చే రెండు వారాలూ వారానికోసారి పరీక్షకు తీసుకురండి. దాన్నిబట్టి మాత్ర సరిచేస్తాను."

దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉంది. చావు అంచుదాకా తీసుకెళ్లినదాన్నే మళ్లీ కోరుకునే మనిషిని ఎక్కడా చూడలేదంది. ముప్పై ఏళ్లుగా తను చేసిన ఆకుకూరలన్నీ కంచం అంచున ఎండబెట్టి, అన్నయ్య పిండితే మాత్రం అమృతమైపోయిందా అంది. అతను తలూపుతూ నడిచాడు. ఆమె పాలకూర కట్ట ఒకటి కొంది, బేరమాడకుండా. తిట్లకు అంతరాయం రాకూడదని.

అప్పట్నుంచి ఆమె షిఫ్టుకు వెళ్లేముందు తనే చేస్తుంది. గుప్పెడు ఆకు, ఒక దోసకాయ ముక్క, నిమ్మరసం. కప్పుతో కొలిచి పోస్తుంది. గుడ్డలో వేసి పిండేటప్పుడు ఆమె మొహం చూస్తే, అన్నయ్య మెడే ఆ గుడ్డలో ఉందేమో అనిపిస్తుంది. మిగిలిన పిప్పిని పిండిలో కలిపి రొట్టెలు చేసి, ఒకటి డిపోకు పట్టుకెళ్లి విసుక్కుంటూ తింటుంది.

అన్నయ్య ఇంటికి రాలేదు, ఆమె రమ్మనలేదు. పండ్లు పంపిస్తే వెనక్కి పంపింది. ఒక సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"ప్రతి ఆదివారం ముందు ఆ మాటే చెప్తున్నారు. ఆ తర్వాతే మిక్సీ తిప్పుతున్నారు. సగం కుర్చీలు ఖాళీ అయిపోయాయి. అయినా చెప్తున్నారు. నీకు చెప్పమన్నారు."

"మంచిది," అంది డ్రైవరమ్మ.

"ఒకసారి వచ్చి బావగార్ని చూస్తానంటున్నారే. ఏం చెప్పమంటావు?"

ముందుగదిలో దర్జీ ఎడమచేత్తో సూది పట్టుకుని, కుడిచేత్తో దారం ఎక్కించబోతున్నాడు. దారం కన్నానికి ఇటు వెళ్తోంది, అటు వెళ్తోంది.

"ఇప్పుడే కాదు వదినా," అంది ఆమె అటే చూస్తూ. "నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది. వస్తే మళ్లీ జబ్బ పట్టుకుంటాను. తగ్గాక నేనే ఫోన్ చేస్తాను."

"ఎప్పటికి తగ్గుతుందో?"

"ఈయన చెయ్యి ఎప్పటికి బాగవుతుందో అన్నయ్యను చెప్పమను. అప్పుడు చెప్తాను," అని ఫోన్ పెట్టేసింది. వెళ్లి అతని పక్కన కూర్చుంది. సూది తీసుకోబోయి ఆగింది. అతనే ఎక్కించాలి. డాక్టరమ్మ అలాగే చెప్పింది. పళ్లు బిగబట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, దారం లోపలికి వెళ్లేదాకా చూస్తూ కూర్చుంది.